అర్జీ నుంచి ప్రతిపాదన దాకా: మన రాతకు ఒక చరిత్ర

మన వాడల్లో కాగితమంటే ఇప్పటికీ ఒక భయం ఉంది. అప్పు నోటు మీద వేలిముద్ర వేసిన తాతలు, పట్వారీ ఏం రాసిండో తెలియక భూమి పోగొట్టుకున్న తండ్రులు మనకు మిగిల్చిపోయిన భయం అది. కాగితం ఇంటికి వచ్చిందంటే ఏదో పోతుందనే మనకు తెలుసు. కాగితం రాసి ఏదైనా తెచ్చుకోవచ్చని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. ఈ వ్యాసం ఆ రెండో సంగతి గురించి.

ప్రభుత్వాన్నో, బ్యాంకునో, నిధులిచ్చే సంస్థనో ఒప్పించి డబ్బు తెచ్చే కాగితాన్ని ఇవ్వాళ ప్రపోజల్ అంటున్నారు. ప్రపోజల్ ఎట్లా రాయాలో నేర్పే ఇంగ్లీషు పుస్తకాలు, శిక్షణా తరగతులు బోలెడున్నాయి. అవన్నీ ఇదొక నైపుణ్యం అని చెబుతాయి. నైపుణ్యమే, కాదనం. కానీ ఆ నైపుణ్యం ఎవరి ఇండ్లల్లో తరతరాలుగా ఉంది, ఎవరిని దాని దగ్గరికి రానివ్వలేదు అనే ప్రశ్న ఆ పుస్తకాలు వెయ్యవు. కరణం కొడుకు తండ్రి పక్కన కూచొని లెక్కలు, అర్జీలు నేర్చుకున్నడు. మాదిగ కొడుకు తండ్రి పక్కన కూచొని తోలు నానబెట్టడం నేర్చుకున్నడు. రెండూ పనులే, రెండూ నైపుణ్యాలే. సర్కారు జవాబిచ్చేది మాత్రం మొదటిదానికే.

అట్లని మనకు రాత చరిత్రే లేదనుకుంటే అది ఇంకో పొరపాటు. మనవాళ్ళు నూట నలభై ఏండ్ల కిందటే రాశారు. గొప్పగా రాశారు. ఆ రాతల్ని మనం ఉపన్యాసాల్లో తలుచుకుంటున్నాం గానీ, అవి ఎట్లా రాశారు, ఎందుకు పనిచేశాయి, ఎక్కడ పనిచెయ్యలేదు అని చదవడం లేదు. ఇక్కడ ఆ పని మొదలుపెట్టాలని మా ప్రయత్నం.

మా ఇంటి కాగితం

చరిత్రలోకి పోయే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మేము మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం. మేము బడికి పోయే రోజుల్లో మా నాయిన ఎస్సీ కార్పొరేషన్ పథకం కింద పాడి బర్రెల అప్పు తీసుకున్నడు. కొంత సబ్సిడీ, కొంత మార్జిన్ మనీ, మిగతాది బ్యాంకు అప్పు. దానికి ఒక ప్రాజెక్టు రిపోర్టు కావాలన్నరు. మండల కేంద్రంలో ఒకాయన జిరాక్స్ కాపీ తీసి పేరు మార్చి ఇచ్చిండు. మా వాడలో పది ఇండ్లకు పది కాగితాలు, అన్నిట్లో ఒకటే లెక్క. బర్రె రోజుకు ఇన్ని లీటర్లిస్తుంది, లీటరు ఇంతకు పోతుంది, దాణా ఖర్చు ఇంత, నెలకు మిగిలేది ఇంత, ఇన్ని నెలల్లో అప్పు తీరుతుంది.

లెక్క తప్పేం కాదు. అయితే ఆ రిపోర్టు రాసినాయన మా ఊరు చూడలేదు. సొంత భూమిలో పచ్చిగడ్డి పెరుగుతుందని రాసిండు, మాకు గుంట భూమి లేదు. పాలు ఊళ్ళో అమ్ముడుపోతాయని రాసిండు. మాదిగ ఇంటి పాలు ఊళ్ళో ఎవరు పోయించుకుంటరు? పొద్దున్నే క్యాను పట్టుకొని మా నాయిన మండల కేంద్రం దాకా సైకిల్ తొక్కి, అక్కడ హోటల్ వాళ్ళు ఇచ్చిన ధరకే పోసి వచ్చేటోడు. ఏడాది తిరిగేసరికి ఒక బర్రె ఎండిపోయింది, ఇంకోటి అమ్ముడుపోయింది. బ్యాంకు వాళ్ళు మా నాయిన పేరును బాకీదారుల లిస్టులో రాసి నోటీసు బోర్డు మీద అంటించారు. 'వీళ్ళకు ఇచ్చినా నిలుపుకోలేరు' అని ఊరంతా అనుకున్నది.

చాలా కాలం మేమూ అట్లనే అనుకున్నాం. నాయినకు వ్యాపారం రాదనుకున్నాం. పరిశోధనలోకి వచ్చి పాత కాగితాలు చదవడం నేర్చుకున్నాకే అసలు సంగతి అర్థమైంది. ఓడిపోయింది మా నాయిన కాదు, ఆ ప్రాజెక్టు రిపోర్టు. పాలకు కులం ఉందనే సంగతికి అందులో గడి లేదు. ఆ గడి ఉండాలని అడగగలిగిన మనిషిని ఎవ్వరూ అడగలేదు. ప్రతిపాదన మన పేరు మీద ఉండి, మన చేత రాయబడకపోతే ఏమవుతుందో మాకు మా ఇంట్లోనే తెలిసింది.

వ్యాపారి, సేద్యగాడు, మున్సిపల్ కమిషనర్

1882లో బ్రిటిష్ ప్రభుత్వం విద్య మీద హంటర్ కమిషన్ వేసింది. ఆ కమిషన్‌కు మహాత్మా జోతిరావు ఫూలే 1882 అక్టోబరు 19న పూనా నుంచి ఒక నివేదన రాశాడు. దాని చివర తన్ను తాను ఎట్లా చెప్పుకున్నాడో గమనించాలి. సంఘ సంస్కర్త అనలేదు, శూద్రుల ప్రతినిధి అని కూడా అనలేదు. వ్యాపారి, సేద్యగాడు, మున్సిపల్ కమిషనర్ అని రాసుకున్నాడు. అంటే పన్ను కట్టేవాడు, పంట తీసేవాడు, పన్ను డబ్బు ఎట్లా ఖర్చవుతుందో లోపలి నుంచి చూసినవాడు. అడిగే అర్హత ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మూడు మాటల్లోనే ఉంది.

నివేదన మొదట్లో ఫూలే తన అనుభవం చెప్పాడు. పూనాలో ఆడపిల్లలకు బడి పెట్టిన సంగతి, కింది కులాల పిల్లలకు బడులు నడిపిన సంగతి రాశాడు. ఆ తర్వాతే వాదనలోకి దిగాడు. వాదన సూటిగా ఉంది. సర్కారు ఖజానా నిండేది రైతుకూలీల చెమటతోటి. ఆ డబ్బు పోయేది పైకులాల ఉన్నత విద్యకు. కట్టేది ఒకరు, తినేది ఇంకొకరు. కాబట్టి ప్రాథమిక విద్యకు ఎక్కువ ఖర్చు పెట్టాలి, పన్నెండేండ్ల వయసు దాకా దాన్ని నిర్బంధం చెయ్యాలి, పంతుళ్ళు కింది కులాల నుంచి కూడా రావాలి, వాళ్ళ జీతాలు పెరగాలి.

ఇవ్వాళ ప్రపోజల్ నేర్పేవాళ్ళు చెప్పే వరసే ఇది. మీరెవరు, ఇంతకు ముందు ఏం చేశారు, సమస్య ఏమిటి, దాని కారణం ఏమిటి, మీరు కోరేది ఏమిటి. ఫూలేకు ఆ వరస ఎవరూ నేర్పలేదు. బడులు నడపడం వల్ల వచ్చింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన దయ చూపమని అడగలేదు, తమ డబ్బు తమకు తిరిగి రావాలన్నాడు. అర్జీలో తల వంచి మాట్లాడే కాలంలో లెక్క అడిగిన మొదటి కాగితాల్లో అదొకటి.

ఆయన అడిగింది వెంటనే రాలేదు. నిర్బంధ ప్రాథమిక విద్య మన దేశంలో చట్టబద్ధమైన హక్కు కావడానికి 2009 దాకా ఆగాల్సి వచ్చింది. మంచిగా రాసినంత మాత్రాన పని జరగదని కూడా ఆ నివేదనే చెబుతుంది.

దరఖాస్తు అనే మాట వెనక

'దరఖాస్తు' అనే మాట ఇవ్వాళ మనం దేనికైనా వాడుతున్నాం. మద్రాసు రాజధానిలో, కోస్తా జిల్లాలతో సహా, ఆ మాటకు ఒక ప్రత్యేకమైన అర్థం ఉండేది. సర్కారు బంజరు భూమిని సాగుకు ఇమ్మని రైతు పెట్టుకునే అర్జీ దరఖాస్తు. కూలివాడు రైతు కావాలంటే దారి ఆ కాగితమే. మరి మనవాళ్ళు దరఖాస్తు పెట్టుకోలేదా? పెట్టుకున్నారు. చెంగల్పట్టు జిల్లాలో ఏం జరిగిందో రికార్డులో ఉంది. అక్కడ బంజరు మీద మొదటి హక్కు మిరాశీదారులకు ఉండేది. పరయవాడు కష్టపడి దరఖాస్తు పెట్టుకుంటే, ఆ భూమి తనకే కావాలని మిరాశీదారు ముందుకొస్తే చాలు, భూమి అతనికే పోయేది. అంటే మనవాడి దరఖాస్తు ఫలానా చోట భూమి ఉందని దొరకు చూపించే సైగ మాత్రమే అయింది.

1891లో ఆ జిల్లా కలెక్టరు ట్రెమెన్‌హీర్ ఈ సంగతులన్నీ రాసి ప్రభుత్వానికి నివేదిక పంపాడు. ఇంటి స్థలం కూడా తనది కాని కూలివాడు యజమాని మాట ఎందుకు దాటలేడో, దరఖాస్తు నియమాలు ఎవరి పక్షాన ఉన్నాయో వివరించాడు. దాని ఫలితంగా 1892లో అణగారిన వర్గాలకు భూములు కేటాయించే ఉత్తర్వు వచ్చింది. తమిళులు పంచమి భూములు అంటున్నవి ఇవే. ఆ భూముల్ని ఇతరులకు అమ్మకూడదని షరతు కూడా పెట్టారు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఒకటి, ఫారం ఎంత చక్కగా నింపినా నియమం ఎదుటివాడి చేతిలో ఉంటే ఫారం పనిచెయ్యదు. ముందు నియమాన్ని చదవాలె. రెండోది చేదు పాఠం. మనవాళ్ళు పెట్టుకున్న దరఖాస్తులు కట్టల్లో మగ్గిపోయాయి, మన గురించి ఒక తెల్ల కలెక్టరు రాసిన నివేదిక కదిలింది. రాసింది ఎవరన్నదాన్ని బట్టే కాగితానికి బరువు వచ్చింది. ఆ భూములు కూడా కాలక్రమంలో షరతులను దాటుకొని చేతులు మారాయి. వాటి కోసం 1994లో చెంగల్పట్టు ప్రాంతంలో కారణై దగ్గర ఉద్యమం జరిగితే పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. నూరేండ్ల కిందటి కాగితం కోసం ప్రాణాలు పోయాయి.

మొదటి గడి: పేరు

ఏ ఫారంలోనైనా మొదటి గడి పేరుది. మనకు ఆ గడి దగ్గరే యుద్ధం మొదలైంది. 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డివర్మ, 1917లో బెజవాడలో జరిగిన సభకు అధ్యక్షత వహించాడు. పంచములు అనే మాట తమకొద్దని, తాము ఆది ఆంధ్రులమని ఆ సభ ప్రకటించుకుంది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ పేర్లను రికార్డుల్లో ఒప్పుకుంది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో ఆది హిందూ అనే పేరు ఎక్కింది.

పేరు మారితే కడుపు నిండుతుందా అని ఆనాడు ఎగతాళి చేసినవాళ్ళున్నారు. కానీ పేరు ఒక్కటి కాకపోతే లెక్క ఒక్కటి కాదు, లెక్క లేకపోతే వాటా అడగలేం. పదిరకాల పేర్లతో చెల్లాచెదురుగా ఉన్నవాళ్ళు జనాభా లెక్కలో ఒక సంఖ్య అయినంక, బడ్జెట్లో మా వంతేదని అడిగే వీలు దొరికింది. ప్రతిపాదన రాయడానికి ముందు జరగాల్సిన పని అది. భాగ్యరెడ్డివర్మ తరం ఆ పని చేసింది.

ఆ వాటా అనే ఊహ 1932 సెప్టెంబరు నాటి పూనా ఒప్పందంలో కూడా కనిపిస్తుంది. ఆ ఒప్పందం అంటే మనం ఉమ్మడి నియోజకవర్గాల గురించే మాట్లాడతాం. దాని తొమ్మిదో షరతును ఎవరూ పట్టించుకోరు. ప్రతి రాష్ట్రంలో విద్యకిచ్చే గ్రాంటులోంచి తగినంత సొమ్మును అణగారిన వర్గాల చదువు కోసం విడిగా తీసిపెట్టాలని ఆ షరతు. అయితే 'తగినంత' అన్నారే గానీ ఎంత అనేది లేదు. అంకె లేని హామీ ఎటు పోతుందో మనకు తెలుసు. పదేండ్ల తర్వాత అంబేద్కర్ రాసిన కాగితంలో అంకె ఉంది.

1942: అంకెతో రాసిన కాగితం

1942 జులైలో రెండు సంఘటనలు జరిగాయి. నాగపూర్‌లో పెద్ద సభ జరిగి అఖిల భారత షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఏర్పడింది. అదే నెలలో అంబేద్కర్ వైస్రాయి కార్యవర్గంలో కార్మిక సభ్యుడయ్యాడు. మూడు నెలల తర్వాత, 1942 అక్టోబరు 29న, వైస్రాయి లిన్‌లిత్‌గోకు షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద ఒక వినతిపత్రం ఇచ్చాడు. అంబేద్కర్ రచనల సంపుటాల్లో అది ఉంది. ప్రతిపాదన రాయాలనుకునే ప్రతి విద్యార్థీ దాన్ని చదవాలని మేము అంటాం.

ఆ పత్రాన్ని ఆయన భాగాలుగా విడగొట్టాడు. రాజకీయ ఇబ్బందులు ఒకచోట, చదువు ఇబ్బందులు ఒకచోట, ఇతర ఇబ్బందులు ఇంకొకచోట. చట్టసభల్లో, కార్యవర్గంలో, ఉద్యోగాల్లో మనవాళ్ళకు చోటెంత ఉందో, ఎంత ఉండాలో రాశాడు. అన్నీ కలిపి ఏడవలేదు. ఏ ఇబ్బంది ఏ శాఖ తీర్చాలో ఆ శాఖ దగ్గరికి పోయేటట్టు విడివిడిగా పెట్టాడు.

చదువు భాగం చూద్దాం. ప్రాథమిక, మాధ్యమిక చదువు రాష్ట్రాల బాధ్యత, ఉన్నత చదువుకు సాయం చెయ్యాల్సింది కేంద్రం అని ముందే తేల్చాడు. ఎవరిని అడుగుతున్నామో వాళ్ళ పరిధిలో ఉన్నదే అడగడం ఇది. మామూలు ఆర్ట్స్, లా చదువులతో షెడ్యూల్డ్ కులాలకు పెద్దగా ఒరగదని, సైన్సు, సాంకేతిక విద్యలో పై చదువులే వాళ్ళ స్థితిని మారుస్తాయని, అవి వాళ్ళ తాహతుకు మించినవని రాశాడు. అప్పటికి కేంద్ర ప్రభుత్వం బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి ఏటా చెరి 3 లక్షల రూపాయలిస్తున్నది. ఆ సంగతిని ముందు పెట్టాడు. హిందువులకు ఇంత, ముస్లింలకు ఇంత ఇస్తున్నప్పుడు మా సంగతేమిటి అని అడిగాడు. అడిగినది కూడా సరిగ్గా అంతే. దేశంలో సైన్సు, సాంకేతిక విద్య చదివే షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు ఏటా 2 లక్షలు, విదేశాల్లో చదివేవాళ్ళకు ఏటా 1 లక్ష. కలిపితే 3 లక్షలు.

ఈ అంకె ఎంత తెలివైనదో చూడండి. ఆకాశం నుంచి దించినది కాదు. సర్కారు ఇప్పటికే ఇస్తున్న అంకె. కాదనాలంటే మిగతా ఇద్దరికి ఎందుకిస్తున్నారో చెప్పుకోవాలి. మొత్తాన్ని రెండుగా విడగొట్టి ఏది దేనికో చెప్పాడు, కాబట్టి ఎట్లా ఖర్చు పెడతారన్న ప్రశ్నకు జవాబు ముందే ఉంది.

సాంకేతిక శిక్షణ గురించి రాస్తూ కొత్త కాలేజీలు కట్టమనలేదు. ప్రభుత్వ ముద్రణాలయాలు, రైల్వే వర్క్‌షాపులు ఉన్నాయి కదా, వాటిల్లో మా పిల్లల్ని అప్రెంటిసులుగా తీసుకోండి అన్నాడు. ఉన్నదాంట్లో చోటు అడిగితే డబ్బు లేదనే సాకు చెల్లదు.

ఇతర ఇబ్బందుల కింద ప్రభుత్వ కాంట్రాక్టుల గురించి రాశాడు. మన ఉద్యమ సాహిత్యంలో ఈ భాగం దాదాపు కనిపించదు. సర్కారు పనుల మీద పెట్టే డబ్బు కాంట్రాక్టర్ల చేతుల మీదుగా పోతుంది, ఆ కాంట్రాక్టర్లలో షెడ్యూల్డ్ కులాలవాళ్ళకు చోటు లేదు అన్నది అక్కడి విషయం. ఉద్యోగమొక్కటే కాదు, వ్యాపారంలో కూడా వాటా కావాలని అంబేద్కర్ 1942లోనే అడిగాడు.

ఏం వచ్చింది, ఏం రాలేదు

1943లో కేంద్ర ఉద్యోగాల్లో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం రిజర్వేషన్ ఉత్తర్వు వచ్చింది. 1946లో అది 12.5 శాతమైంది. 1944లో మెట్రిక్ తర్వాతి చదువులకు స్కాలర్‌షిప్పుల పథకం మొదలైంది. ఈనాటికీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ పేరుతో నడుస్తున్నది అదే. మేము ఇంటర్ నుంచి పీజీ దాకా చదివింది ఆ డబ్బుతోనే. ఆదాయ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు ముందు నిలబడ్డ రోజుల్లో, ఈ స్కాలర్‌షిప్ ఏదో పార్టీ దయ వల్ల వచ్చిందనుకునేవాళ్ళం. అది ఒక మనిషి లెక్కగట్టి రాసిన కాగితం వల్ల వచ్చిందని ఏ పాఠ్యపుస్తకమూ మాకు చెప్పలేదు. ఆ ప్రతిపాదనకు ఫలితం ఎక్కడుందని ఎవరైనా అడిగితే, మేమే ఆ ఫలితం.

కాంట్రాక్టుల సంగతి మాత్రం అట్లనే ఉండిపోయింది. కేంద్రం చేసే కొనుగోళ్ళలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి ఉండాలనే ఉత్తర్వు అమల్లోకి వచ్చింది 2012లో. అడిగినాక డెబ్బై ఏండ్లకు. చదువు వాటాకు రెండేండ్లు పట్టింది, వ్యాపారం వాటాకు డెబ్బై ఏండ్లు. ఎందుకని? చదువుకున్న దళితుడు సర్కారుకు గుమాస్తాగా పనికొస్తడు. కాంట్రాక్టరైన దళితుడు ఊరి దొరకు పోటీ అవుతడు. ఇది మా అభిప్రాయం, కాదనేవాళ్ళు వాదించవచ్చు.

హక్కుదారు ఎట్లా లబ్ధిదారు అయ్యాడు

ఆంధ్రప్రదేశ్‌లో 1974లో ఎస్సీ కార్పొరేషన్ ఏర్పడింది. అణా లేనివాడికి బ్యాంకు తలుపు తెరవాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ఆ పథకాలతోపాటు ఒక మాట వాడల్లోకి వచ్చింది: లబ్ధిదారు. ఫూలే పన్ను కట్టేవాడిగా అడిగాడు, అంబేద్కర్ సమాన పక్షంగా అడిగాడు. లబ్ధిదారుకు అడిగే పని లేదు. బర్రెలా, గొర్రెలా, కిరాణా కొట్టా అని యూనిట్లు పైనుంచి ఖరారై వస్తాయి. మనిషి ఫొటో అంటించి సంతకం పెడితే చాలు. ప్రతిపాదన రాసే కష్టం తప్పిందని సంతోషించాం గానీ, దాంతోపాటు ఆలోచించే హక్కు కూడా పోయింది. మా నాయిన కథ అక్కడిదే.

1979-80 ప్రాంతంలో ప్రత్యేక అంతర్భాగ ప్రణాళిక వచ్చింది. జనాభా నిష్పత్తిలో ప్రణాళిక నిధులు విడిగా పెట్టాలన్నది దాని సారం. పూనా ఒప్పందం తొమ్మిదో షరతుకు అంకె దొరికినట్టయింది. ఆ నిధులు దారి మళ్ళుతున్నాయని దళిత సంఘాలు ఏండ్ల తరబడి బడ్జెట్ పుస్తకాలు తిరగేసి లెక్కలు తీశాయి. ఆ పోరాటం వల్లే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012 డిసెంబరులో శాసనసభ ఉపప్రణాళిక చట్టాన్ని ఆమోదించింది, 2013 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. నినాదంతోపాటు లెక్క కూడా చేతిలో ఉన్నందువల్లే అది సాధ్యమైంది.

2016లో స్టాండప్ ఇండియా పథకం వచ్చింది. ప్రతి బ్యాంకు శాఖ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా అప్పివ్వాలని అది నియమం పెట్టింది. 2021లో తెలంగాణలో మొదలైన దళితబంధు బ్యాంకు అప్పుతో ముడిపెట్టకుండా కుటుంబానికి 10 లక్షలు ఇస్తామన్నది. ఏ వ్యాపారం చేస్తారో మీరే చెప్పండి అన్నది. చెప్పమన్నప్పుడు మన వాడల్లో చాలామంది ట్రాక్టరు, కారు, డెయిరీ అని పక్కింటాయన ఏం రాస్తే అదే రాశారు. ఎందుకంటే యాభై ఏండ్లుగా మనల్ని ఎవరూ 'మీరేం చేద్దామనుకుంటున్నారు' అని అడగలేదు. తప్పు వాళ్ళది కాదు.

మనం ఎట్లా రాయాలె

ఇప్పుడు విద్యార్థులకు, సంఘాల్లో పనిచేసేవాళ్ళకు నాలుగు మాటలు. ఇవి మేము కనిపెట్టినవి కావు, పైన చెప్పిన కాగితాల నుంచి నేర్చుకున్నవి.

మొదట మన పని చెప్పుకోవాలి. ఫూలే బడుల సంగతి ముందు చెప్పాడు. మన పిల్లలు 'మేం నిరుపేదలం, మాకెవరూ లేరు' అని మొదలుపెడతారు. పేదరికం చెప్పొద్దనడం లేదు. కానీ చెప్పులు కుట్టడం, డప్పు కట్టడం, కూలీల ముఠాను నడపడం, వాడలో రాత్రి బడి పెట్టడం అనుభవాలే. వాటిని అనుభవం అని రాయాలె. చదివేవాడు జాలిపడితే వంద రూపాయలిస్తడు, నమ్మితే లక్ష ఇస్తడు.

రెండోది, ఎదుటివాడి అంకెతోనే మాట్లాడాలి. అంబేద్కర్ సర్కారు అంకెలతో సర్కారును నిలదీశాడు. ఆయన ప్రభుత్వం లోపల ఉన్నాడు కాబట్టి చూడగలిగాడు. మనకు 2005 సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెడితే మన మండలంలో ఏ బ్యాంకు ఎంతమంది ఎస్సీలకు అప్పిచ్చిందో అడగొచ్చు. ఆ జవాబును ప్రతిపాదనకు జతచేస్తే మేనేజరు మాట్లాడే తీరే మారుతుంది.

మూడోది, అంకె ఖచ్చితంగా ఉండాలి, విడగొట్టి ఉండాలి. 'తగినంత సాయం' అని రాయొద్దు. ఎంత, దేనికి, ఏ నెలలో, మిగిలితే ఏం చేస్తాం, నష్టమొస్తే ఎట్లా తట్టుకుంటాం. బర్రె ఎండిపోయే నెలలు కూడా లెక్కలో ఉండాలి. అన్నీ లాభాలే ఉన్న లెక్కను బ్యాంకువాడు నమ్మడు, నమ్మినా మనం మునుగుతాం.

నాలుగోది మాకు అన్నిటికంటే ముఖ్యం. కులానికి అయ్యే ఖర్చును లెక్కలో రాయాలి. మన పాలు ఊళ్ళో పోవు కాబట్టి పట్నం దాకా మోయాలి, దానికి ఇంత. మనకు మెయిన్ రోడ్డు మీద మడిగె అద్దెకివ్వరు కాబట్టి వెనక వీధిలో పెట్టుకోవాలి, గిరాకీ ఇంత తగ్గుతుంది. మనకు అరువు సరుకిచ్చే సేటు లేడు కాబట్టి రొక్కం ఎక్కువ కావాలి, అది ఇంత. ఇట్లా రాస్తే ఫారంలో గడి లేదంటారు. అదనపు కాగితం జోడించాలి. పదిమంది జోడిస్తే పదకొండోవాడికి గడి వస్తుంది.

పరిశోధనలకు నిధులు అడిగే మిత్రులకు ఇంకో మాట. ఒక ఇంటర్వ్యూలో మా ప్రతిపాదన చదివి 'మీ వాడ గురించి మీరే రాస్తే నిష్పాక్షికత ఎట్లా వస్తుంది' అని అడిగారు. ఊరివాళ్ళు ఊరి గురించి రాసినప్పుడు ఎవరినీ ఈ ప్రశ్న అడగలేదు. ఆ రోజు మాకు జవాబు తట్టక బయటికొచ్చాం, ఫెలోషిప్పు రాలేదు. మరుసటి ఏడు అదే ప్రశ్నకు జవాబును ప్రతిపాదన మొదటి పేజీలోనే రాసుకొని పోయాం: వాడ నుంచి వచ్చినందువల్ల మాకు ఏ ఇండ్లు తెరుచుకుంటాయి, ఏ సంగతులు మాకు కనపడకుండా పోవచ్చు, వాటిని ఎట్లా సరిచూసుకుంటాం. ఈసారి వచ్చింది. అడగబోయే ప్రశ్నను మనమే ముందు రాసుకోవడం కూడా 1942 కాగితం నుంచి నేర్చుకున్నదే.

ఇంగ్లీషు రాదని వెనక్కి పోవద్దు. ముందు తెలుగులో, మన మాటల్లో, ఇంట్లో కూచున్న అమ్మకు అర్థమయ్యేటట్టు రాయాలి. అమ్మ 'ఇది జరగదు బిడ్డా' అంటే ఎందుకు జరగదో అడిగి దిద్దుకోవాలి. ఆ తర్వాత ఇంగ్లీషు చేయించుకోవచ్చు. భాష కొనుక్కోవచ్చు, ఆలోచన కొనుక్కోలేం.

చివరగా ఒక హెచ్చరిక. ప్రతిపాదన ఉద్యమానికి బదులు కాదు. 1942 వినతిపత్రం వెనక నాగపూర్‌లో నిలబడ్డ జనం ఉన్నారు. ఉపప్రణాళిక చట్టం వెనక వీధుల్లో కూచున్న సంఘాలున్నాయి. జనం లేని కాగితం కట్టల్లో మగ్గిపోతుంది. అట్లనే కాగితం లేని జనం కూడా సాయంత్రానికి హామీ తీసుకొని ఇంటికి పోతారు. రెండూ కావాలి.

మొన్న ఊరికి పోయినప్పుడు మా నాయినను అడిగాం, ఆనాడు ఆ రిపోర్టు నువ్వే రాసుంటే ఏం రాసేటోడివని. కాసేపు ఆలోచించి 'బర్రెలొద్దు, పట్నంల చెప్పుల దుకాణం కావాలని రాసేటోడిని. చెప్పులకు కులం అడగరు కదా' అన్నడు. ఇరవై ఐదేండ్లుగా ఆయన దగ్గర ఒక ప్రతిపాదన ఉంది. రాసుకునే కాగితం ఎవ్వరూ ఇవ్వలేదు. ప్రతి వాడలో ఇట్లాంటి ప్రతిపాదనలున్నాయి. చదువుకున్న మనం ముందు పోయి అడిగి రాసుకోవాలి.